నార్కొండంలో పోలిరాజు నరికిన చెట్టు

పోర్ట్‌బ్లెయిర్ కోర్టు బయట రేకుల షెడ్డు కింద కూర్చుని అర్జీలు, అఫిడవిట్లు టైపు చేసిపెట్టడం ఇరవై ఎనిమిదేళ్లుగా నా పని. నా పేరు కన్నారావు. ఇన్నేళ్లలో నా ముందు కూర్చున్నవాళ్లంతా తాము ఏ తప్పూ చేయలేదని రాయించుకోవడానికి వచ్చినవాళ్లే. ఎవరూ అడగకుండా, ఎవరూ పట్టుకోకుండా, తప్పు చేశానని రాయమన్నవాడు ఒక్కడే. అతను పోలిరాజు. మిన్నీ బే మనిషి.

పోలిరాజు తండ్రి భీమిలి అవతల ఒక చేపలపల్లె నుంచి ఈ దీవులకు వచ్చాడు. పోలిరాజు ఇక్కడే పుట్టాడు. హిందీ బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాడు. తెలుగు గడగడా మాట్లాడతాడు కానీ రాయడం రాదు; రాయాల్సి వస్తే తెలుగు మాటలనే హిందీ అక్షరాలతో రాసుకుంటాడు. జాలరి ఇంట పుట్టి పడవ పడనివాడు అతనొక్కడే అని వాళ్ల వీధిలో నవ్వుకునేవారు. రేవు దాటితే చాలు, వాంతులు. తండ్రి నాలుగైదుసార్లు వేటకు తీసుకెళ్లి, చివరికి విసుగెత్తి వదిలేశాడు. పోలిరాజు గొడ్డలి పట్టాడు. చెట్టు ఎక్కడంలోనూ, చెప్పిన వైపుకే పడేలా నరకడంలోనూ అంతటివాడు దక్షిణ అండమాన్‌లో లేడనేవారు. భార్య అసిరమ్మ జంగ్లీఘాట్ బజారులో చేపలు అమ్మేది. ఆమె మాట గట్టి, మనసు ఇంకా గట్టి.

2008లో ఒక ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, నార్కొండం దీవిలో పాత కట్టడాలు బాగుచేసే పనికి పన్నెండుమందిని తీసుకెళ్లాడు. పోలిరాజు, అతని చిన్ననాటి స్నేహితుడు శివాజీ అందులో ఉన్నారు. నార్కొండం అంటే సముద్రం మధ్య నిలబడ్డ ఒకే ఒక కొండ, ఎప్పుడో చల్లారిన అగ్నిపర్వతం. ఒడ్డు నుంచి శిఖరం దాకా అడవే. ఊరు లేదు. పోలీసు చౌకీ ఒకటి, లైటుహౌసు ఒకటి, చౌకీ పక్కన కాస్త అరటితోట. పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఒక రాత్రీ మరో పూటా ప్రయాణం. ఆ దారంతా పోలిరాజు పడవ అంచు పట్టుకునే ఉన్నాడట.

ఆ దీవిలో ఒక పక్షి ఉంటుంది. పెద్ద వంకర ముక్కు, ముక్కు మీద మడతలు పడ్డ కొమ్ములాంటి దిమ్మ. మగదానికి తల, మెడ కావిరంగు, ఒళ్లు నలుపు, తోక తెలుపు. ఆడదానికి తోక తప్ప ఒళ్లంతా నలుపే. హిందీలో ధనేష్ అంటారు కాబట్టి మనవాళ్లూ ధనేష్ పిట్ట అనే అంటారు. ధనేష్‌లు వేరే చోట్ల కూడా ఉన్నాయి, కానీ ఈ రకం ప్రపంచంలో ఆ ఒక్క కొండ మీదే ఉంది. కొన్ని వందలు. పక్క దీవిలో ఒక్కటి కూడా లేదు. ఇదంతా అప్పుడు పోలిరాజుకు తెలియదు. పొద్దున్నే పైనుంచి ఎగిరిపోతుంటే రెక్కల చప్పుడు చిరిగిన తెరచాప గాలికి కొట్టుకున్నట్టు వినిపించేదనీ, అంత మోత చేసే పిట్టను అంతకుముందు చూడలేదనీ మాత్రం చెప్పాడు.

మార్చి నెలలో పలకలకు కర్ర తక్కువైంది. చౌకీకి పైన వాగు పక్కన ఒక తిట్‌పోక్ చెట్టు ఉంది. మెత్తకర్ర చెట్టు, నలుగురు చేతులు చాపి పట్టుకున్నా అందనంత లావు. సగం ఎండిపోయింది. కొట్టమని ఎవరూ చెప్పలేదు. పచ్చిచెట్టు కంటే తొందరగా పని అవుతుందని పోలిరాజే దాన్ని ఎంచుకున్నాడు. ఒక పూట పట్టింది. చెట్టు అనుకున్న వైపుకే పడింది. పడ్డాక చూస్తే మొదలుకు ముప్ఫై అడుగుల పైన ఒక తొర్ర, తొర్ర నోటికి మట్టి మెత్తినట్టు ఏదో గట్టిగా పూసి ఉంది. మధ్యలో వేలు పట్టేంత నిలువు సందు. ఆ సందులోంచి ముక్కు ఒకటి బయటికి పొడుచుకొచ్చింది.

పూతను పగలగొడితే లోపల ఆడపక్షి, దాని కింద ఒక పిల్ల ఉన్నాయి. పిల్లకు ఇంకా ఈకలు రాలేదు. తల్లికి రెక్కల్లో పెద్ద ఈకలు లేవు. ఎవరో పీకేశారేమో అనుకున్నారు. ఎగరలేక నేలమీద దొర్లింది. పోలిరాజు దాన్ని బియ్యం గోనెలో వేసి బసకు తీసుకొచ్చాడు. పెంచుదామనే అనుకున్నాడు. కానీ సరుకుల పడవ రావాల్సిన రోజు దాటి పదహారు రోజులైంది. పప్పు, అన్నం తప్ప నోటికి మరేమీ తగలక అందరూ విసిగి ఉన్నారు. సాయంత్రానికి శివాజీ దాన్ని కోసేశాడు. పన్నెండుమందీ తిన్నారు. కూరలో ఉప్పు తక్కువైందని పోలిరాజు అన్నాడు. ఆ మాట తానే అన్నానని అతను నాతో మూడుసార్లు చెప్పాడు. పిల్లకు అరటిపండు మెదిపి పెట్టాడు కానీ అది రెండోరోజుకు చచ్చిపోయింది.

మూడోరోజు నుంచి పోలిరాజు ఆ దుంగ దగ్గరే పలకలు కోస్తున్నాడు. ఒక మగ ధనేష్ వచ్చి పక్క చెట్టు కొమ్మ మీద వాలింది. గొంతులోంచి ఒక జువ్విపండు పైకి తెచ్చి ముక్కు కొసన పట్టుకుని, చెట్టు పడిపోయాక మిగిలిన ఖాళీ వైపు మెడ చాచింది. అందుకునేవాళ్లు లేరు. పండు కింద పడింది. మళ్లీ ఒకటి తెచ్చింది. అలా గొంతులో ఉన్నవన్నీ ఒక్కొక్కటే తీసి, చాచి, వదిలేసి వెళ్లిపోయింది. గంటన్నరకు మళ్లీ నిండు గొంతుతో వచ్చింది. ఆ రోజంతా వస్తూనే ఉంది. అలా తొమ్మిదిరోజులు వచ్చింది. రంపం చప్పుడుకు బెదరలేదు. పోలిరాజు రాయి విసిరితే రెండు కొమ్మలు పక్కకు జరిగింది, అంతే. పదోరోజు రాలేదు.

ఈ సంగతి అతను ఇంటికొచ్చి అసిరమ్మకు కూడా చెప్పలేదు.

నాలుగేళ్ల తర్వాత, 2012లో, మెయిన్‌లాండ్ నుంచి ఇరావతి అనే శాస్త్రవేత్త వచ్చింది. నార్కొండం ధనేష్‌ల మీద పరిశోధన. నెలల తరబడి దీవిలో ఉండగలిగే, చెట్టెక్కగలిగే మనిషి కావాలని వెతుకుతోంది. పోలిరాజు తానే వెళ్లి అడిగాడు. పడవంటే చచ్చేవాడు నార్కొండానికి ఎగబడటం చూసి అసిరమ్మ నివ్వెరపోయింది. ఆ దీవిని ఆమె మొదట్నించీ నరకం అనే పిలిచేది.

ఆరు సీజన్లు వెళ్లాడు. జనవరి చివర్లో వెళ్తే మే నెలాఖరుకు తిరిగొచ్చేవాడు. ఆ ఆరేళ్లలో అతను నేర్చుకున్నది నేను కూర్చోబెట్టి చెప్పించుకున్నాను. తర్వాత నా దగ్గర రాయించుకున్న వాంగ్మూలానికి అంత అక్కర్లేదు, కానీ చెబుతున్నప్పుడు అతని మొహం చూడాలనిపించేది.

ఫిబ్రవరిలో జంటలు తొర్రలు వెతుక్కుంటాయట. అడవి అంతా చెట్లే అయినా పనికొచ్చే తొర్రలు తక్కువ. బాగా ముదిరిన చెట్టుకే అంత తొర్ర పడుతుంది. తొర్ర కుదిరాక ఆడది లోపలికి దూరి, తన రెట్టనీ పండ్ల పిప్పినీ ముక్కుతో మెత్తి తలుపు మూసేసుకుంటుంది. సన్నని సందు మాత్రం వదులుతుంది. గుడ్లు పెట్టాక రెక్కల ఈకలు తనంతట తనే రాల్చేసుకుంటుంది. మళ్లీ ఈకలు మొలిచేదాకా మగది పెట్టిందే తిండి. ఆ మాట ఇరావతి మేడం మొదటి సీజన్లో చెప్పినప్పుడు అతనికి గోనెలోని పక్షి గుర్తొచ్చి, వాగు దగ్గరికి వెళ్లి కూర్చున్నాడట. దాని ఈకలు ఎవరూ పీకలేదు.

మగది ఒక్కో రాకకు ఇరవై, ముప్ఫై, ఒక్కోసారి యాభై దాకా జువ్విపండ్లు గొంతులో మోసుకొచ్చేది. పోలిరాజు ఎదురుచెట్టు కింద ఆకుల మరుగున కూర్చుని ఒక్కోదానికి ఒక్కో గీత గీసేవాడు. జువ్వి, రావి, అడవి జాజికాయ. పిల్ల పుట్టాక పండ్లతోపాటు మిడతలు, బల్లులు తెచ్చేది. ఒకసారి పీతను తెచ్చింది. సందులోంచి లోపలికి పోకపోతే కొమ్మకేసి బాది కాళ్లు విరిచి ఇచ్చింది. కొండ మీద ఎక్కడ జువ్వి పండితే అక్కడికి నలభై, యాభై పిట్టలు చేరి, కోడిపెట్టల్లా గోల చేస్తూ ఒకదాని పక్కన ఒకటి తినేవి, కొట్లాడుకోవడం తక్కువ. గింజలు కక్కిన చోటల్లా మొక్కలు మొలిచేవి. గూటి చెట్ల కింద మొలిచిన నారు చూసి పైన తొర్ర ఉందని పోలిరాజు కనిపెట్టేవాడు. మేడం చదువుకున్న పుస్తకాల్లో ఆ ఉపాయం లేదు. ముక్కు మీది మడతలు లెక్కపెట్టి పిట్ట వయసు చెప్పేవాడు. ముప్ఫై ఒక్క గూళ్లు అతను కనిపెట్టినవే. ప్రతి గూడూ ఏ చెట్టో, ఏ దిక్కుకు తిరిగి ఉందో నా ముందు కూర్చుని కళ్లు మూసుకుని చెప్పాడు.

అయితే మొదటి సీజన్లోనే ఒక అబద్ధం ఆడాడు. వాగు పక్కన పాత దుంగ ఇంకా పడి ఉంది. తొర్ర నోటి చుట్టూ ఎండిన పూత మరకలు మేడం చూసింది. ఇది గూడే కదా, ఎలా పడిందని అడిగింది. గాలివానకు పడిందనీ, పడ్డాకే కర్ర కోసం తాము కోశామనీ పోలిరాజు చెప్పాడు. నాలుగేళ్ల వానలకు మొదలు కుళ్లి, గొడ్డలి గాట్లు తీగల కింద కలిసిపోయాయి. మేడం నమ్మి రాసుకుంది. నిజం చెబితే అప్పుడే వెనక్కి పంపేసేదని అతని భయం. ఆ తర్వాత ప్రతి ఏడూ చెబుదామనుకున్నాడు. ఏడు గడిచేకొద్దీ మేడం అతన్ని ఇంకా నమ్మేది.

2018లో పని ముగిసింది. మేడం నివేదిక పంపింది. మరుసటి ఏడు ఒక సర్కారు ఆఫీసువాళ్లు నార్కొండంలో వాగు వైపు ఒక గోదాము, దానికి ఒక దారి కట్టాలనుకున్నారు. ఆఫీసు పేరు నాకు తెలుసు, ఇక్కడ రాయను. దారికి అడ్డం వచ్చే ముప్ఫై ఏడు చెట్లకు గుర్తులు పెట్టారు. అటువైపు వెళ్లొచ్చిన లాంచీ మనిషి ఒకడు ఈ మాట మిన్నీ బేలో చెప్పాడు. ఎక్కడి నుంచి ఎక్కడికని పోలిరాజు అడిగాడు. అతను చెప్పినదాన్ని బట్టి వాటిలో నాలుగు గూటి చెట్లని పోలిరాజుకు తెలిసిపోయింది. అక్కడికీ ఇక్కడికీ తిరిగి అడిగితే ఒక గుమస్తా కాగితం చూపించాడు. ఇదివరకు అదే చోట పనులు జరిగినప్పుడు మనుషుల వల్ల ఒక్క గూడు కూడా పోలేదనీ, పోయిన గూడు గాలివానకు పోయిందనీ శాస్త్రవేత్తల నివేదికే చెబుతోందని అందులో ఉంది. అనుమతికి అదే ఆధారం.

ఆ గుమస్తా హిందీలో చదివి వినిపిస్తుంటే, అది మేడం రాసిన మాట కాదనీ, తాను చెప్పిన మాటేననీ పోలిరాజుకు అర్థమైంది.

ఆ నెలలోనే మేడం ఏదో సమావేశానికి పోర్ట్‌బ్లెయిర్ వచ్చింది. పోలిరాజు ఆమె బస చేసిన చోటికి వెళ్లి మొత్తం చెప్పేశాడు. గొడ్డలి, గోనె, కూర, అన్నీ. ఆమె అరవలేదట. ఆరేళ్లు పక్కన కూర్చున్నావు కదా, ఒక్కరోజు కూడా చెప్పాలనిపించలేదా అని హిందీలో అడిగింది. సవరణ రాసి పంపుతానని ఆమె మాట ఇచ్చింది. పదిరోజుల తర్వాత ఫోన్ చేసింది. నివేదికలో ఉన్న లెక్కల్లో సగం పోలిరాజు గీసిన గీతలే. ఒకచోట అబద్ధం చెప్పాడని తానే ఒప్పుకుంటే, మిగతా ఆరేళ్ల లెక్కలను కూడా ఎవరూ నమ్మరు. ఆ పక్షులను కాపాడటానికి ఉన్న కాగితం అదొక్కటే. అదీ పోతుంది. ఈ ఒక్క అబద్ధాన్ని సరిచేయబోతే నువ్వు చెప్పిన నిజాలన్నీ పోతాయి పోలిరాజూ, క్షమించు అంది. ఆ తర్వాత ఆమె ఫోన్ ఎత్తలేదు. ఆమెను నేను తప్పుపట్టలేను. ఒప్పూ అనలేను.

అప్పుడు వచ్చాడు నా షెడ్డుకు. జూన్ నెల, వాన. ముక్కాలిపీట మీద కూర్చుని తల తుడుచుకున్నాడు.

"భయ్యా, నానొక సచ్ రాయించుకోవాల, నిజమైన మాట. సర్కారోళ్లకిస్తాను. ఆ చెట్టు నానే కొట్టీసినానని రాయి. గాలీ కాదు, వానా కాదని రాయి."

విషయం మొత్తం విన్నాక నేను కీబోర్డు మీంచి చేతులు తీసేశాను. అది చట్టం కాపాడే పక్షుల్లో మొదటి వరసలో ఉన్న పక్షి, దాన్ని చంపితే జైలు, నువ్వు ఇస్తున్నది అర్జీ కాదు, నీ మీద నువ్వే పెట్టుకుంటున్న కేసు అని చెప్పాను. చెట్లు ఎలాగూ కొడతారు, మధ్యలో నువ్వు పోతావని కూడా చెప్పాను.

"నా మాట మీద కొడతన్నారు భయ్యా," అన్నాడు. "నా మాట నాను ఎనక్కి తీసుకుంటే, ఆళ్లు ఏటి మీద కొడతారో సూద్దాం."

టైపు చేశాను. రెండు పేజీలు. కూర సంగతి వద్దన్నాను, అదీ ఉండాలన్నాడు. మిగతావాళ్ల పేర్లు మాత్రం రాయనివ్వలేదు. తిన్నది తానొక్కడే అన్నట్టు రాయించాడు. అతను ఆడిన రెండో అబద్ధం అది, నాకు తెలిసి.

వాంగ్మూలం అందుకున్న ఆఫీసు దారి పనిని ఆపలేదు. పోలిరాజు మీద మాత్రం కేసు పెట్టించింది. మొదటి వాయిదాకు అతను సంతోషంగా వచ్చాడంటే నమ్మండి. ఇప్పుడు కోర్టే అడుగుతుంది కాబట్టి అంతా కాగితం మీదికి ఎక్కుతుందని అతని ఆశ. వాయిదా మీద వాయిదా పడింది. మధ్యలో కరోనా వచ్చి రెండేళ్లు కోర్టు నడిచీ నడవనట్టు నడిచింది. కేసున్న మనిషని పోలిరాజుకు ఎవరూ పని ఇవ్వలేదు. నార్కొండానికి వెళ్లొస్తానని అనుమతి అడిగితే ఆ కాగితాన్ని నవ్వుతూ తిప్పి ఇచ్చేశారు. వీధిలో పిల్లలు ధనేష్ అని పిలవడం మొదలుపెట్టారు. బజారులో అసిరమ్మ గంప దగ్గర కూడా ఆ మాట వినిపించేది. ఆమె చేప మీద కత్తి కాస్త గట్టిగా దించేది.

2021 ఫిబ్రవరిలో చెట్లు కొట్టారు. సరిగ్గా తొర్రల తలుపులు మూసుకునే నెల. ఆ నాలుగు గూటి చెట్లలో పిట్టలున్నాయో లేవో నాకు తెలియదు. పోలిరాజుకూ తెలియదు. ఆ సీజన్లో అక్కడ చూసేవాళ్లు ఎవరూ లేరు.

2023లో సాక్షుల వంతు వచ్చింది. అప్పటి పన్నెండుమందిలో ముగ్గురు చనిపోయారు, కొందరు ఆంధ్రాకు వెళ్లిపోయారు. దొరికినవాడు శివాజీ. వాయిదాకు వారం ముందు ఒక మధ్యాహ్నం అసిరమ్మ నా షెడ్డుకు వచ్చింది. చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకునే వచ్చింది, అయినా చేపల వాసన.

"కన్నారావన్నా, ఒకటే మాట అడుగుతాను, నిజం సెప్పు. గవాహీ ఇచ్చీ సాచ్చి అలాటిదేటీ జరగలేదంటే ఏటవుతాది?"

నేను వెంటనే జవాబు చెప్పి ఉండకూడదు. చెప్పాను. పక్షి లేదు, ఈక లేదు, చెట్టు మొదలు కుళ్లిపోయింది. ఉన్నది పోలిరాజు మాట ఒక్కటే. పక్కనున్నవాడు కాదంటే కేసు నిలబడదు.

"ఆడు బయటికొచ్చేత్తాడా?"

"వచ్చేస్తాడు."

"అయితే బస్. ఈ మాట ఆడికి సెప్పకు."

చెప్పలేదు. ఆమె శివాజీ ఇంటికి వెళ్లి గడపలో కూర్చుని అడిగిందట. ఎక్కువ అడగక్కర్లేకపోయింది. కత్తి పట్టింది తానేనని శివాజీకి గుర్తుంది.

ఆ రోజు నేను కోర్టు హాలు తలుపు దగ్గరే నిలబడ్డాను. శివాజీ తల వంచుకుని చెప్పాడు. నార్కొండంలో పని చేశాం, నిజమే. చెట్టు గాలికే పడింది. అందులో పిట్టా లేదు, గూడూ లేదు. పోలిరాజుకు ఆ దీవిలో ఒంటరిగా ఉండి ఉండి మనసు కొంచెం అటూ ఇటూ అయింది, పిట్టలంటే పిచ్చి, అందుకే అలా చెబుతున్నాడు. పోలిరాజు వకీలు మొహం వెలిగిపోయింది. నువ్వేమైనా చెప్పుకుంటావా అని పోలిరాజును అడిగారు.

"నాను కొట్టినాను. నాను తిన్నాను," అన్నాడు తెలుగులోనే. తర్జుమా చేసి రాసుకున్నారు.

రెండు నెలల తర్వాత తీర్పు వచ్చింది. అతనికి ఇంగ్లీషు రాదు కాబట్టి నా దగ్గరే కూర్చుని చదివించుకున్నాడు. నిందితుడి ఒప్పుకోలు తప్ప వేరే ఆధారం లేదు. ఆ చెట్టులో గూడు ఉండేదని గానీ, పక్షిని చంపారని గానీ రుజువు కాలేదు. పైగా సదరు చెట్టు ప్రకృతి వైపరీత్యం వల్లే పడిందని సాక్షి చెప్పాడు, శాస్త్రీయ నివేదిక కూడా అదే చెబుతోంది. కాబట్టి విడుదల.

చివరి పేరా మళ్లీ చదవమన్నాడు. చదివాను. ఆ నివేదిక ఏదని అడిగాడు, తెలిసీ. మేడందేనన్నాను.

"అంటే ఇప్పుడు కోర్టు కూడా గాలివానే అనేసింది," అన్నాడు.

అవునన్నాను.

"ఆ మగపిట్ట తొమ్మిదిరోజులు ఎవులి కోసం వొచ్చినట్టు మరి?"

అసిరమ్మ కోర్టు వరండాలో నిలబడి ఉంది. నలుగురికీ స్వీట్లు పంచడానికి డబ్బా తెచ్చింది. అతను ఆమె పక్కనుంచి నడుచుకుంటూ వెళ్లిపోయాడు. ఆమె డబ్బా మూత తీయలేదు.

శివాజీ చేత అలా చెప్పించింది ఎవరో అతనికి ఆ రాత్రే తెలిసిపోయింది. అసిరమ్మే చెప్పేసింది. దాచి ఉంటే బాగుండేదని నేనంటే, పదకొండేళ్లు దాచుకున్న నిజం చెప్పినోడి ముందు నాను అబద్ధం ఆడతానా అంది. నువ్వు జైల్లో ఉంటే ఆ పిట్టకి రెక్కలొస్తాయా అని మొగుణ్ణి అడిగిందట. ఇంటికి తెచ్చుకున్నాను, నువ్వు ఏడువు, తిట్టు, కొట్టు, ఇంట్లో ఉండు, అంతే అందట. అతను ఏడవలేదు, తిట్టలేదు. ఆ వారంలోనే బట్టలు సర్దుకుని ఫెరార్గంజ్ వెళ్లిపోయాడు.

అక్కడ వక్కతోటల్లో పని దొరికింది. వక్కచెట్లు సన్నం, అతను ఎక్కిన తిట్‌పోక్‌ల ముందు గడ్డిపోచలు. యాభై దాటినా ఇంకా పాదాలకు తాడు బిగించి చకచకా ఎక్కుతాడట. ఒక చెట్టు పైనుంచి పక్క చెట్టుకు వంగి పట్టుకుని, దిగకుండానే తోట అంతా తిరిగేస్తాడని తోటవాళ్లు మెచ్చుకుంటారు. నార్కొండం పేరు ఎత్తడు. అసిరమ్మ ప్రతి ఆదివారం పొద్దున బస్సు కండక్టరు చేతికి ఎండుచేపల పొట్లం ఇచ్చి పంపుతుంది. పొట్లం తిరిగి రాదు, కబురూ రాదు. అందుకుంటున్నాడు కాబట్టి బతికే ఉన్నాడని ఆమె లెక్క. వెళ్లి చూడమని నేనంటే, రమ్మంటే వెళ్తాను, నాను పిలిపించుకునేదాన్ని గానీ పిలవకుండా వెళ్లేదాన్ని కాదంది. బజారులో ఆమె గంప ఇప్పుడు వరసలో మొదట్లోనే ఉంటుంది. ధనేష్ అనేవాళ్లు ఎవరూ లేరు. కోర్టే ఏమీ జరగలేదన్నాక ఆ పేరుకు రుచి పోయింది.

పోయిన ఏడు వానాకాలం ముగిశాక శివాజీ అతన్ని చూడటానికి ఫెరార్గంజ్ వెళ్లాడు. వెంట ఒక పెద్ద కోనం చేప తీసుకెళ్లాడు. తోటలో ఎవరో వేలెత్తి చూపిస్తే ఆ చెట్టు కిందికి వెళ్లి నిలబడి, ఒరే రాజా, నానురా అన్నాడు. పోలిరాజు పైనుంచి ఒకసారి కిందికి చూశాడు. మళ్లీ గెల కోయడం మొదలుపెట్టాడు. గెల కోశాక పక్క చెట్టుకు మారాడు, ఆ తర్వాత ఇంకో చెట్టుకు. శివాజీ కింద ఒక్కో చెట్టు దగ్గరికీ జరుగుతూ వెళ్లాడు. గంటన్నర అలాగే గడిచింది. ఎండ ముదిరి చేప వాసన రావడం మొదలైతే, దాన్ని తోటవాళ్ల ఇంట్లో ఇచ్చి బస్సెక్కాడు.

ఈ సంగతి నాకు చెప్పింది శివాజీయే, షెడ్డులో ఆ ముక్కాలిపీట మీద కూర్చుని. నువ్వు వెళ్లు, నీతో అయితే మాట్లాడతాడు అన్నాడు. ఆ మధ్యాహ్నం అసిరమ్మకు నేనిచ్చిన జవాబు గురించి అతనికి తెలియదు. పోలిరాజుకు తెలుసో లేదో నాకూ తెలియదు. ఫెరార్గంజ్ ఇక్కడి నుంచి బస్సులో గంట దూరం. నేనింకా వెళ్లలేదు.